దావా వేయకముందే తీరిన బాకీ: వాణిజ్య మధ్యవర్తిత్వ సేవపై నా సమీక్ష

చిత్తూరు శివార్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నాది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు 3.1 కిలోల డబ్బాలను ఆరేసి చొప్పున సర్దడానికి వాడే ఐదు పొరల కార్టన్లే మా ప్రధానమైన సరుకు. 2023 సీజనులో ఒక గుజ్జు ఫ్యాక్టరీకి ఇచ్చిన సరుకుకు రావలసిన 8,72,460 రూపాయల బాకీ కోసం ఏడాదికి పైగా ఎదురుచూసి, తిరిగి, చివరకు వాణిజ్య న్యాయస్థానాల చట్టం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా నడిచే ‘దావాకు ముందు మధ్యవర్తిత్వం’ అనే సేవను ఆశ్రయించాను. వస్తువుల గురించి, హోటళ్ల గురించి సమీక్షలు రాసేవారు చాలామంది ఉన్నారు గానీ, ఫీజు కట్టి వాడుకునే ఇటువంటి ప్రభుత్వ సేవ ఎలా ఉంటుందో తెలుగులో రాసినవారు నాకు కనబడలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కాగితాలు సక్రమంగా ఉన్న చిన్న వ్యాపారికి ఇది నిజంగా పనికివచ్చే సేవ. అయితే ఎదుటివాడు వచ్చి కూర్చుంటేనే పనికివస్తుంది. రాకపోతే ఏమవుతుందన్న చోట చట్టం మెతకగా ఉంది.

ఇందులో జరిగే సంభాషణలను రెండు పక్షాలూ గోప్యంగా ఉంచాలన్నది నిబంధన. అందువల్ల బాకీ పూర్తిగా తీరిన తరువాత, పేరు రాయకుండా నా అనుభవం రాసుకోవచ్చునా అని ఆ ఫ్యాక్టరీవారిని అడిగి, వారు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. వారి తరఫు మాటల జోలికి వెళ్లకుండా, నా సరుకు సంగతి, నా కాగితాల సంగతి మాత్రమే చెబుతాను.

మే నుంచి జూలై వరకు తోతాపురి కాయ దిగే రోజుల్లో ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఆ హడావిడిలో పర్చేజ్ ఆర్డరు ఫోనులోనే వస్తుంది, సరుకు తెల్లవారేసరికి గేటు దగ్గర ఉండాలి. మొత్తం 24,235 పెట్టెలు, పన్నుతో కలిపి పెట్టె 36 రూపాయల లెక్కన ఇచ్చాను. గుజ్జు అమ్మిన తరువాత డబ్బు ఇవ్వడం మా వైపు మామూలే గనుక దసరా వరకు నేను నోరు మెదపలేదు. ఆ ఏడాది నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలై, ఐరోపాకు వెళ్లవలసిన కంటైనర్లు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు, కిరాయిలు పెరిగాయనీ సరుకు కదలడం లేదనీ కబురు వచ్చింది. అందులో నిజం ఉందని నాకూ తెలుసు. కానీ నేను క్రాఫ్ట్ పేపరు తెచ్చిన మిల్లుకు ఆ కష్టం చెప్పి ఆపగలనా? బిల్లు రాసిన పాపానికి జీఎస్టీని మరుసటి నెల 20వ తేదీకల్లా నా జేబులోంచే కట్టాను. రాని డబ్బుకు పన్ను కట్టడం చిన్న యూనిట్లను లోపలినుంచి తినేసే చెద వంటిది.

తరువాత పాత పద్ధతి ప్రకారం పరిశ్రమలో పేరున్న ఒక పెద్దమనిషి దగ్గర పంచాయితీ పెట్టాము. ఆయన న్యాయంగానే చెప్పారు, ఇరువురమూ తల ఊపి లేచాము, ఆ తరువాత ఏమీ జరగలేదు. మాట మీద నడిచే వ్యాపారంలో ఆ మాటకు విలువ పోయినప్పుడు పంచాయితీ తీర్పుకు వెనుక నిలబడేది ఏదీ ఉండదు. వకీలు ద్వారా నోటీసు పంపితే, పెట్టెలు నాసిరకమనీ, గోదాములో అడుగు వరుసలు కుంగి 5,000 పెట్టెలు పాడయ్యాయనీ, 1,80,000 రూపాయలు మినహాయించుకుంటామనీ జవాబు వచ్చింది. అంతవరకు వట్టి బాకీగా ఉన్నది ఆ రోజుతో వివాదంగా మారింది.

ఈ దేశంలో వ్యాపార చట్టాలు గడచిన పదేళ్లలో ఎంత వేగంగా మారాయో, ఆ మార్పుల్లో చిన్నవాడు ఎక్కడ తప్పిపోతాడో నాకు అప్పుడే అర్థమయింది. 2016లో దివాలా స్మృతి వచ్చినప్పుడు లక్ష రూపాయల బాకీ ఉన్నా కంపెనీపై అర్జీ పెట్టుకోవచ్చునన్నారు. 2020 మార్చిలో ఆ హద్దును కోటి రూపాయలకు పెంచారు. కరోనా కాలంలో కంపెనీలను కాపాడటానికి అది అవసరమే అయి ఉండవచ్చు గానీ, నా వంటి సరఫరాదారులకు ఆ తలుపు అప్పటితో మూసుకుపోయింది. ఇక రెండోది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. దాని ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటి డబ్బు ఆపడానికి వీల్లేదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన చెల్లించాలి. ఇటువంటి బాకీలను విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. చిన్న పరిశ్రమకు ఇంతకంటే గట్టి చట్టం లేదు.

కానీ చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యం నమోదు నేను చేయించుకున్నది 2024 జనవరిలో. సరుకు ఇచ్చే నాటికి నమోదు లేనివారు ఆ సరుకుకు ఈ చట్టం రక్షణ కోరలేరని 2022 అక్టోబరు 31న మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆన్‌లైనులో రుసుము లేకుండా ఆధార్ నంబరుతో పూర్తయ్యే నమోదు అది, 2020 జూలై 1 నుంచి అందుబాటులో ఉంది. మూడున్నరేళ్లు నేను దానిని పట్టించుకోకపోవడం వల్ల అంత బలమైన ఆయుధం నా చేతికి రాలేదు. ఇది చదివే చిన్న పరిశ్రమదారులు ఇంకా నమోదు చేయించుకోకపోతే ముందు ఆ పని చేసి రండి, మిగతాది తరువాత చదవవచ్చు.

మిగిలినది వాణిజ్య దావా. 2015లో వాణిజ్య న్యాయస్థానాల చట్టం వచ్చినప్పుడు కోటి రూపాయలు, ఆపైన ఉన్న తగాదాలకే అది వర్తించేది. 2018 మే 3 నుంచి ఆ హద్దును 3 లక్షలకు దించారు. దానితోపాటే 12ఏ అనే సెక్షన్ చేర్చారు. అత్యవసరంగా మధ్యంతర ఉత్తర్వులు కోరే అవసరం లేని దావా ఏదైనా సరే, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి వచ్చాకే వేయాలన్నది ఆ సెక్షన్ సారం. మొదట్లో దీనిని చాలామంది లాంఛనంగానే చూశారు. 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అనీ, ఆ నెల 20వ తేదీ తరువాత ఈ మెట్టు దాటకుండా వేసిన దావాను తిరస్కరించాల్సిందేననీ చెప్పింది. ఇదంతా ఎందుకు అవసరమైందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ప్రపంచ బ్యాంకు తన 2020 వ్యాపార సౌలభ్య నివేదికలో మన దేశంలో ఒక ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకోవడానికి 1,445 రోజులు పడుతుందని లెక్క కట్టి, ఆ ఒక్క అంశంలో 163వ స్థానం ఇచ్చింది. ఆ నివేదికల వరుసను బ్యాంకు 2021లో ఆపేసింది గానీ, కోర్టు వరండాలో నిలబడ్డవారికి ఆ సంఖ్య అతిశయోక్తిగా అనిపించదు.

నేను 2024 ఆగస్టు 5న అర్జీ పెట్టాను. నమూనా దరఖాస్తుతో 1,000 రూపాయల రుసుము, వెంట బిల్లులు, డెలివరీ చలానాలు, ఇ-వే బిల్లులు, లెడ్జరు నకలు జతచేశాను. కార్యాలయంలోని వారు కాగితాలను ఓపికగా చూసి, రెండు చలానాలపై అవతలివారి గేటు ముద్ర లేదని చూపించి, మళ్లీ వెదికి తెమ్మన్నారు. ఆ రోజు విసుగ్గా అనిపించినా తరువాత అదే నన్ను నిలబెట్టింది. అవతలివారికి మొదటి నోటీసు వెళ్లింది, పది రోజుల గడువులో ఎవరూ రాలేదు. చివరి నోటీసు వెళ్లాక వచ్చారు. అప్పుడు మధ్యవర్తి ఫీజు కట్టమన్నారు. వివాదం విలువ 3 లక్షల నుంచి 10 లక్షల లోపు ఉంటే 15,000, ఆపైన 50 లక్షల వరకు 30,000, అలా విలువను బట్టి పెరుగుతుంది. దానిని ఇరుపక్షాలూ సగం సగం భరించాలి. నా వంతు 7,500 అయింది. అర్జీ రుసుముతో కలిపి 8,500 రూపాయలు. కోర్టు ఫీజు, వాయిదాల ఖర్చు తలచుకుంటే ఇది భారం కాదు.

మధ్యవర్తి ఒక సీనియర్ న్యాయవాది. మొదటి రోజే ఆమె మాకు ఒక విషయం స్పష్టం చేశారు. ‘నేను తీర్పు చెప్పడానికి కూర్చోలేదండీ. ఎవరిది తప్పో నేను రాయను. మీరిద్దరూ ఒప్పుకుంటేనే కాగితం మీదికి వస్తుంది, ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదని మాత్రమే రాస్తాను’ అన్నారు. తీర్పు కోసం వెళ్లినవాడిని గనుక నాకు కొంచెం నిరాశ కలిగింది. రెండో సమావేశం వరకు దాని విలువ నాకు తెలియలేదు.

పాడైన పెట్టె ఒకటి, నా దగ్గర మిగిలిన మంచి పెట్టె ఒకటి తెమ్మని ఆమె ముందే చెప్పి ఉన్నారు. బల్ల మీద రెండూ పెట్టాము. వారు తెచ్చిన పెట్టె మూలలు నలిగి, అడుగు వైపు మడతల దగ్గర పొరలు విడిపోయి ఉంది. ఆమె చేతి సంచిలోంచి చిన్న కత్తెర తీసి, రెండింటి పక్క గోడలనూ వేలెడంత కత్తిరించి, అంచును వెలుతురు వైపు పట్టి నాకు చూపించారు. మంచి పెట్టెలో లోపలి అలలు నిటారుగా నిలబడి ఉన్నాయి. పాడైన దానిలో అవి వాలిపోయి, పొరకూ పొరకూ మధ్య సందు సగమై కనిపించింది. ‘ఈ రెండూ ఒకే కాగితమేనా?’ అని అడిగారు. ఇరవై ఏళ్లుగా ఆ అలలను చూస్తున్న కళ్లు నావి. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మా పెట్టెల అడుగు మడతపై తయారైన తేదీ చిన్న అంకెల్లో అచ్చు వేస్తాము. పాడైన పెట్టె మీద ఉన్న తేదీ మూడో లోడుది. ఆ వారం మిల్లు నుంచి మామూలు కాగితం అందక, లోపలి పొరకు 150 జీఎస్‌ఎం బదులు 120 జీఎస్‌ఎం కాగితం వాడాము (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో; అంకె తగ్గితే కాగితం పలుచన). సీజను ఆగకూడదని తీసుకున్న నిర్ణయం అది, కొనుగోలుదారుకు చెప్పకుండా తీసుకున్నాను. నన్ను విడిగా కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు ఆ సంగతి ఆమెకు చెప్పాను. అలా విడిగా చెప్పిన మాట మన అనుమతి లేకుండా అవతలి గదికి చేరదు, రేపు దావా పడినా సాక్ష్యంగా రాదు. కోర్టులో అయితే నా వకీలు నన్ను ఆ మాట చెప్పనిచ్చేవాడే కాడు. నిజం చెప్పినవాడికి నష్టం లేని చోటు ఒకటి ఉండటమే ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

ఆ తరువాత లెక్క దానంతట అదే చిన్నదయింది. మూడో లోడు ఎంత? గేటు ముద్ర ఉన్న చలానా తీసి చూస్తే 1,735 పెట్టెలు. అంటే వారు చెప్పిన 5,000 నిలవదు, నేను చెప్పిన సున్నా కూడా నిలవదు. 1,735 పెట్టెలను 36తో హెచ్చిస్తే 62,460 రూపాయలు. మినహాయింపు అంతవరకేనని నేను ఒప్పుకున్నాను. నాకు మొదటి రోజు దొరకని ఆ గేటు ముద్ర చలానా లేకపోతే ఈ లెక్క ఎక్కడ తేలేదో చెప్పలేను.

మిగతా సొమ్ము ఎప్పుడు ఇస్తారన్నది అసలైన చిక్కు. అక్కడ జీఎస్టీ చట్టమే నాకు అండగా నిలిచింది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే, కొనుగోలుదారు ఆ బిల్లులోని పన్నును చూపి తన పన్నులోంచి తగ్గించుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఏడాది దాటిన బిల్లుల విషయంలో ఆ సంగతి ఏమిటని నేను అడిగాను. ఇది బెదిరింపుగా వినిపించకూడదని మధ్యవర్తి నన్ను ముందే హెచ్చరించారు గనుక, నా బిల్లులు తీరితే ఆ క్రెడిట్‌ను వారు మళ్లీ తీసుకోవచ్చునన్న మాట కూడా కలిపి చెప్పాను. ఇద్దరికీ లాభం ఉన్న చోటునే పట్టుకుని మాట్లాడటం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

చట్టం ఇచ్చే గడువు అర్జీ తేదీ నుంచి మూడు నెలలు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో రెండు నెలలు. మాకు నవంబరు 5తో గడువు తీరితే, ఇరువురమూ సంతకం చేసి పొడిగించుకున్నాము. నవంబరు 14న ఒప్పందం కుదిరింది. 8,10,000 రూపాయలు, మూడు సమాన వాయిదాల్లో, నెలకు 2,70,000 చొప్పున, ముందుగానే తేదీలు వేసిన చెక్కులతో. వడ్డీ నేను వదులుకున్నాను. అది బాధగానే ఉంది. అయితే అర్జీ నాటి నుంచి లెక్కిస్తే 101 రోజుల్లో తేలింది. ఇలా కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ చట్టం కింద వచ్చే అవార్డుతో, అంటే కోర్టు తీర్పులా అమలయ్యే ఉత్తర్వుతో, సమానమైన బలం ఉంటుంది. వాయిదా తప్పితే మళ్లీ మొదటి నుంచి దావా వేయనక్కరలేదు, నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు. పెద్దమనిషి పంచాయితీకీ దీనికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. రెండో వాయిదా తొమ్మిది రోజులు ఆలస్యమైనప్పుడు నేను నిశ్చింతగా నిద్రపోగలిగాను, అది ఆ కాగితం ఇచ్చిన ధైర్యమే.

ఇక లోపాల సంగతి. మొదటి నోటీసుకు రాకపోయినందుకు అవతలివారికి ఏ నష్టమూ కలగలేదు. రెండో నోటీసుకు కూడా రాకపోయి ఉంటే, మధ్యవర్తిత్వం మొదలే కాలేదని ఒక నివేదిక నా చేతిలో పెట్టేవారు. దానిని జతచేసి నేను దావా వేసుకోవాలి. అంటే డబ్బు ఎగవేయదలచినవాడికి ఈ దశ ఒకటి రెండు నెలల ఉచిత గడువుగా మారే ప్రమాదం ఉంది. ఈ కాలాన్ని కాలపరిమితి చట్టం కింద లెక్కలోకి తీసుకోరు గనుక దావా వేయడానికి మనకున్న మూడేళ్ల గడువు కరిగిపోదు, అదొక ఊరట. అయినా పిలిస్తే రానివాడు తరువాత దావాలో ఓడితే, ఆ కాలపు ఖర్చంతా అతని మీదే పడేలా ఈ సెక్షన్‌లోనే రాసి ఉండవలసింది. సహేతుకమైన రాజీ ప్రతిపాదనను కాదన్న పక్షం ప్రవర్తనను ఖర్చులు విధించేటప్పుడు కోర్టు చూడాలని వాణిజ్య దావాలకు వర్తించే సివిల్ ప్రక్రియ నిబంధనల్లో ఉంది. కానీ రాజీ ప్రతిపాదనను కాదనడం వేరు, అసలు పిలిస్తే రాకపోవడం వేరు.

మరొక లోటు, 3 లక్షల లోపు బాకీలకు ఈ తలుపు లేదు. నా దగ్గర జిగురు, పిన్నులు సరఫరా చేసేవారి బాకీలు అరవై వేలు, ఎనభై వేలు ఉంటాయి. వారికి లోక్ అదాలత్ ఉంది, అక్కడ రుసుము లేదు, రాజీ కుదిరితే అదే తుది తీర్పు. కానీ గంటల తరబడి కూర్చుని పెట్టెను కత్తిరించి చూసే తీరిక ఒకే రోజున వందల కేసులు నడిచే చోట ఎక్కడ దొరుకుతుంది? అసలు వ్యాపార తగాదాలలో చిన్నవే ఎక్కువ, వాటికే ఇంత శ్రద్ధ అవసరం.

మా జిల్లాలో పెద్ద తగాదాలు వార్తలకెక్కుతాయి. 2025 జూన్‌లో పొరుగు రాష్ట్రాల తోతాపురి కాయ చిత్తూరులోకి రాకుండా జిల్లా యంత్రాంగం ఆంక్ష పెడితే, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ రాసేవరకు వెళ్లింది. ఆ సీజనులోనే కిలోకు 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేలా నిర్ణయించారు. ధర ఎంతో ప్రభుత్వం చెప్పగలదు. ఆ ఎనిమిది రూపాయలు ఏ తేదీకి చేతికందాలి, అందకపోతే ఎక్కడికి వెళ్లాలి అన్నది మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టరు వరుసలో నిలబడ్డ రైతుకు కూడా నా అంత స్పష్టంగా తెలియాలి. రైతు పంట అమ్మకం వాణిజ్య వివాదం కిందకు వస్తుందా రాదా అన్న చర్చ వకీళ్లది. తేదీ వేసిన కాగితం, తూకం చీటీ, గేటు ముద్ర అన్నవి అందరికీ పనికివస్తాయి.

ఎవరికి ఈ సేవను సూచిస్తానంటే, ఎదుటి పక్షం ఇంకా వ్యాపారంలో ఉండి, రేపు మళ్లీ మీతో పని పడే అవకాశం ఉన్నవారికి. ఫ్యాక్టరీ మూసేసి యంత్రాలు అమ్ముకుంటున్నవాడి మీద అయితే ఆలస్యం చేయకుండా, ఆస్తి చేజారకుండా మధ్యంతర ఉత్తర్వు కోరుతూ నేరుగా కోర్టుకు వెళ్లాలి, అందుకు చట్టమే వెసులుబాటు ఇచ్చింది. వెళ్లేముందు మీ వైపు లోపం ఏమైనా ఉందేమో మీరే నిజాయితీగా వెదికి చూసుకోవాలి. మూడో లోడు కాగితం సంగతి నేను ముందే ఒప్పుకుని ఉంటే, 8,10,000 ఇంకా ముందే వచ్చేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరి వాయిదా 2025 ఫిబ్రవరిలో జమయింది. ఏప్రిల్‌లో అదే ఫ్యాక్టరీ నుంచి కొత్త సీజనుకు ఫోను వచ్చింది. ఆర్డరును కాగితం మీద పంపమన్నాను, పంపారు. నా బిల్లు పైన ఇప్పుడు ఉద్యం నంబరు, 45 రోజుల గడువు అచ్చు వేసి ఉంటాయి. లోపలి పొర కాగితం ఎన్ని జీఎస్‌ఎం అన్నది ప్రతి లోడు చలానాలోనూ రాస్తున్నాను. మొదటి లోడు దిగిన రోజు వారి గోదాము మేనేజరు ఒక పెట్టె మూలను కత్తిరించి, అంచును వెలుతురుకు ఎత్తి చూసి, ఆ తరువాతే గేటు ముద్ర వేశారు.